కుక్కను పాము కాటేసినప్పుడు: చేని గట్టు నుంచి పశువైద్యశాల చేరేవరకు

అనంతపురం జిల్లాలో తొలకరికి వేరుశనగ విత్తింది మొదలు, కాయ పెరికి కట్టెను వామి వేసేవరకు, అంటే దాదాపు జూన్ నుంచి నవంబరు దాకా, చేని వెంట తిరిగే కుక్కకు పాము ఎదురుపడే సందర్భాలు ఎక్కువ. గింజ ఉన్నచోటికి ఎలుక వస్తుంది, ఎలుక కోసం పాము వస్తుంది, పాము అలికిడి విన్న కుక్క దాని మీదికి వెళ్తుంది. మనిషికి కాటు సాధారణంగా పాదానికో పిక్కకో పడుతుంది. కుక్క వాసన చూస్తూ ముక్కు ముందు పెడుతుంది కనుక దానికి మూతి మీద, ముఖం మీద, ముందుకాళ్ల మీద పడుతుంది.

పన్నెండేళ్ల కిందట కళ్యాణదుర్గం వైపు ఉన్న మా చేనిలో, కరియ అనే మా నల్ల కుక్క గట్టు రాళ్ల సందులో తల పెట్టి, కేక వేసి, ముందుకాలు ఎత్తి కుంటుతూ మా దగ్గరికి వచ్చింది. మేము కాలికి తాడు బిగించాము, పసరు మందు ఇచ్చేవారి దగ్గరికి మోసుకుపోయాము, పసరు తాగించాము, సాయంత్రం చిగుళ్ల నుంచి రక్తం కారడం చూసిన తరువాత మాత్రమే డాక్టరు దగ్గరికి బయలుదేరాము. కాటుకూ వైద్యానికీ మధ్య మేము పోగొట్టిన సమయం ఏడు గంటలు. మరునాడు తెల్లవారుజామున అది చనిపోయింది. ఆ రోజు మాకు తెలియని విషయాలను, ఆ తరువాత పశువైద్యులను అడిగి నేర్చుకున్నవాటిని, మీ కుక్కకు అవసరం వచ్చేలోపే మీరు చదివి ఉంచుకోవాలని ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు మనసులో పెట్టుకోవలసిన విషయం ఒక్కటే. పాము విషానికి విరుగుడు యాంటీవెనమ్ సూది మందు మాత్రమే, దానిని రక్తనాళం ద్వారా ఎక్కించవలసినది పశువైద్యుడు. ఇంటి దగ్గర మనం చేయగలిగిన ప్రథమ చికిత్స అంటే, కుక్క ఒంట్లో విషం వేగంగా పాకకుండా దానిని కదలనివ్వకపోవడం, ఊపిరి ఆగకుండా చూడటం, దారిలో సమయం పోగొట్టకపోవడం. ఇంతకు మించి మనం చేసే ప్రతి పనికీ కొంత సమయం ఖర్చవుతుంది, ఆ సమయమే కుక్కకు లేనిది.

కాటును ఎలా గుర్తుపట్టాలి

మన ప్రాంతంలో ప్రాణం తీయగల పాములు ప్రధానంగా నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. వీటిలో చిన్నపింజర రెండడుగులైనా ఉండని పాము, అయినా రాళ్లు, గరుసు నేలలు, ముళ్లకంపలు ఉన్న మన మెట్టచేలు దానికి అనువైనవి. అది చుట్ట చుట్టుకొని పొలుసులను ఒకదానితో ఒకటి రుద్దుతూ రంపం కోసినట్టు చప్పుడు చేస్తుంది. రక్తపింజర లావుగా ఉండి, ఒంటిమీద గొలుసు వంటి మచ్చలతో, కుక్కరు ఆవిరి వదిలినట్టు గట్టిగా బుస కొడుతుంది.

పింజర జాతి కాటు వేస్తే ఆ చోట వెంటనే వాపు మొదలై పైకి పాకుతుంది. నొప్పితో కుక్క మూలుగుతుంది, ఆ కాలు కింద మోపదు. పంటి గాటు నుంచి రక్తం ఆగకుండా సన్నగా కారుతూ ఉంటుంది. విషం రక్తానికి గడ్డకట్టే గుణాన్ని పోగొడుతుంది కనుక కొంతసేపటికి చిగుళ్ల నుంచి, ముక్కు నుంచి రక్తం రావచ్చు, మూత్రం ఎర్రగా మారవచ్చు. రక్తపింజర విషం మూత్రపిండాలను కూడా దెబ్బతీస్తుంది.

నాగుపాము కాటులో వాపుతో పాటు నరాల మీద దెబ్బ కనిపిస్తుంది: కనురెప్పలు వాలిపోవడం, చొంగ కారడం, వెనుకకాళ్లు తడబడటం, మొరుగు మారడం, చివరికి ఊపిరి తీయడం కష్టం కావడం. కట్లపాము రాత్రివేళ తిరిగేది. దాని విషానికి కాటు పడిన చోట వాపు పెద్దగా ఉండదు, పళ్లు చిన్నవి కనుక గాటూ సరిగా కనిపించదు. రాత్రి బాగా ఉన్న కుక్క తెల్లవారేసరికి లేవలేక, తల ఎత్తలేక, కళ్లు మాత్రం తిప్పుతూ పడి ఉంటే, గాయం కనిపించలేదన్న కారణంతో పాము కాటును కొట్టివేయకండి.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరిగా చెప్పాలి. పాము కాటు వేయడం మీరు కళ్లారా చూడకపోతే, ఆ కుక్కకు రేబిస్ టీకాలు కూడా వేయించి ఉండకపోతే, దవడ వేలాడటం, చొంగ కారడం, కాళ్లు పడిపోవడం అనే ఇవే లక్షణాలు రేబిస్‌లోనూ కనిపిస్తాయని గుర్తుంచుకోండి. అటువంటి కుక్క నోట్లో చేయి పెట్టకండి, చొంగ మీ ఒంటికి తగలకుండా మందపాటి దుప్పటిలో చుట్టి తీసుకువెళ్లండి, డాక్టరుకు ఈ అనుమానాన్ని ముందే చెప్పండి. చొంగ మీ గాయానికి తగిలితే సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, మీరు కూడా అదే రోజు ఆసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టించుకోండి.

మొదటి ఐదు నిమిషాలు

ముందుగా కుక్కను పాము నుంచి దూరంగా లాగండి. పామును చంపడానికి గానీ పట్టి సీసాలో వేయడానికి గానీ ప్రయత్నించకండి, ఎందుకంటే మన దేశంలో దొరికే యాంటీవెనమ్ పైన చెప్పిన నాలుగు పాముల విషానికీ కలిపి తయారుచేసినదే, చచ్చిన పామును తెచ్చి చూపించనవసరం లేదు. తెగిపడిన పాము తల కూడా కొంతసేపటి వరకు కాటు వేయగలదు. దూరం నుంచి ఫోనులో ఒక ఫొటో తీయడం వీలైతే తీయండి, వీలుకాకపోతే రంగు, పొడవు, మచ్చలు గుర్తుపెట్టుకుంటే చాలు.

ఆ వెంటనే సమయం చూసి ఫోనులో రాసుకోండి. కాటు పడి ఎంతసేపయింది అన్నది డాక్టరు మిమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న. వాపు కనిపిస్తుంటే దాని అంచు ఎంతవరకు ఉందో పెన్నుతో ఒక గీత గీయండి, తరువాత అది ఎంత పాకిందో ఆ గీతను బట్టి తెలుస్తుంది. వెంట్రుకలు దట్టంగా ఉండి గీత కనిపించకపోతే వదిలేయండి, దాని కోసం కత్తెర వెతకకండి.

మెడలో పట్టెడ, తాడు, గంట, తాయెత్తు ఏది ఉన్నా తీసివేయండి. ఈ పని చాలామంది మరిచిపోతారు. మూతి మీద కాటు పడినప్పుడు వాపు గంటలోపే గొంతు దాకా దిగుతుంది, అప్పుడు పట్టెడ బిగిసి ఊపిరికి అడ్డం పడుతుంది. బిగుసుకున్న తోలు పట్టెడ ముడి విప్పలేకపోతే దాని కిందికి రెండు వేళ్లు దూర్చి, కత్తి అంచు బయటి వైపుకు ఉండేలా పెట్టి కోయండి.

కుక్కను నడవనివ్వకండి. పొలం నుంచి ఇంటి దాకా అది మీ వెంట నడిచి రాగలిగినా సరే, నడిస్తే కండరాల కదలికతో విషం తొందరగా ఒళ్లంతా పాకుతుంది. చిన్న కుక్కను చేతుల మీద ఎత్తుకోండి. పెద్ద కుక్కను గోనెసంచి మీదో, దుప్పటి మీదో పక్కకు పడుకోబెట్టి ఇద్దరు నాలుగు కొసలు పట్టుకొని మోయండి. చేని దగ్గర నులక మంచం ఉంటే అదే మంచి వాహనం. కాటు పడిన కాలు గుండెకు సమానమైన ఎత్తులో, కదలకుండా ఉండేలా చూడండి.

నొప్పితో ఉన్న కుక్క ఎంత మచ్చికైనదైనా యజమానిని కరవవచ్చు. కాటు కాలికి పడి, కుక్క ఊపిరి బాగా తీసుకుంటూ, వాంతి చేసుకోకుండా ఉంటే, మూడు నాలుగడుగుల మెత్తని నూలు గుడ్డతో దాని మూతికి ఒక చుట్టు వేసి, గడ్డం కింద ముడి వేసి, కొసలను చెవుల వెనుకకు తీసుకువెళ్లి కట్టండి. కాటు మూతి మీద పడి ఉంటే గానీ, రొప్పుతూ ఉంటే గానీ, వాంతి వస్తున్నట్టు ఉంటే గానీ నోరు కట్టనే కట్టకండి. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పోయదు, నోరు తెరిచి రొప్పడం ద్వారానే అది ఒంటి వేడిని బయటికి పంపుతుంది. కట్టిన గుడ్డను కూడా వాహనంలో పడుకొని కుదుటపడగానే విప్పేయండి.

చేయకూడని పనులు

కరియ విషయంలో మేము చేసిన తప్పులన్నీ ఇందులోనే ఉన్నాయి కనుక వీటిని కొంచెం వివరంగా రాస్తున్నాను.

కాటుకు పైన తాడు గానీ గుడ్డ గానీ బిగించి కట్టకండి. పింజర విషం కాటు పడిన చోట కండను కుళ్లబెడుతుంది. కట్టు బిగించినప్పుడు ఆ విషం అంతా అక్కడే నిలిచి, రక్తం అందక కాలు పూర్తిగా పాడవుతుంది, కట్టు ఒక్కసారిగా విప్పినప్పుడు నిలిచిన విషం ఒకేసారి ఒంట్లోకి వెళ్తుంది. మీరు పశువైద్యశాలకు చేరేసరికే ఎవరో కట్టి ఉంటే, దానిని దారిలో విప్పకుండా డాక్టరు ముందు విప్పించండి.

గాటును బ్లేడుతో కోయకండి, నోటితో పీల్చకండి. రక్తం గడ్డకట్టని స్థితిలో ఉన్న ఒంటి మీద కోసిన గాటు ఆగకుండా కారుతుంది. మంచుగడ్డ పెట్టడం, నిప్పుతో కాల్చడం, సున్నం, పసుపు, పొటాషియం పర్మాంగనేటు పూయడం వల్ల లోపలికి వెళ్లిన విషం బయటికి రాదు, గాయం మాత్రం పెద్దదవుతుంది.

నోటి ద్వారా ఏమీ పోయకండి. పసరు, నెయ్యి, పాలు, మిరియాల కషాయం, ఉప్పు నీళ్లు ఏవైనా సరే వద్దు. నాగుపాము, కట్లపాము విషానికి మింగే కండరాలు కూడా చచ్చుబడతాయి, అప్పుడు బలవంతంగా పోసినది కడుపులోకి కాక ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. పసరు ఇచ్చిన తరువాత బతికిన కుక్కలను మా ఊరిలోనూ చూపిస్తారు. విషం లేని జెర్రిపోతు కరిచినా, విషపు పాము విషం దించకుండా పొడి కాటు వేసినా కుక్క ఏ మందూ లేకుండానే బతుకుతుంది, ఆ పేరు పసరుకు వస్తుంది. తమ వంతు సాయం చేయాలని వచ్చే ఆ పెద్దల మనసును నేను తప్పుపట్టడం లేదు, కానీ మీ కుక్కను కరిచినది ఏ పామో ఆ క్షణంలో మీకు తెలియదు.

ఇంట్లో ఉన్న నొప్పి మాత్రలు వేయకండి. పారాసిటమాల్, ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ కుక్కలకు మామూలు రోజుల్లోనే ప్రమాదం. రక్తం గడ్డకట్టని, మూత్రపిండాలు దెబ్బతింటున్న సమయంలో అవి మరింత కీడు చేస్తాయి. అదే విధంగా, ఊరిలో సూదులు వేసేవారితో కండకు ఏ సూదీ వేయించకండి. స్టెరాయిడ్ సూది విషానికి విరుగుడు కాదు, పైగా పింజర కాటు తరువాత కండకు వేసిన సూది పోటు దగ్గర లోపలే రక్తం చేరి గడ్డలా ఉబ్బుతుంది.

ప్రయాణం

బయలుదేరే ముందు కాదు, బయలుదేరుతూ ఫోన్ చేయండి. ఒకరు కుక్కను మోస్తుండగా ఇంకొకరు పశువైద్యశాలకు ఫోన్ చేసి రెండే ప్రశ్నలు అడగాలి: డాక్టరు ఉన్నారా, యాంటీవెనమ్ ఉందా. లేదంటే ఎక్కడ ఉందో అడిగి నేరుగా అక్కడికే వెళ్లాలి. మండల కేంద్రంలో ఆగి, లేదని తెలుసుకొని, నియోజకవర్గ కేంద్రానికి వెళ్లి, అక్కడి నుంచి అనంతపురానికి వెళ్లడంలోనే ఎన్నో కుక్కలు దారిలో పోతాయి. కళ్యాణదుర్గం నుంచి అనంతపురానికి దాదాపు 60 కిలోమీటర్లు, ఈ దూరానికి రెండు ఆగుళ్లు తోడైతే గంటన్నర ప్రయాణం మూడు గంటలవుతుంది. మనుషుల ఆసుపత్రిలో ఉండే మందూ ఇదే అయినా, అక్కడి సీసాలు మనుషుల కోసం నిల్వ ఉంచినవి. డాక్టరు చీటీ రాసిస్తే పెద్ద మెడికల్ షాపులలో కొనవచ్చు కనుక, కుక్క దగ్గర ఒకరు ఉండి మరొకరు మందు కోసం వెళ్లేలా కనీసం ఇద్దరు వెళ్లడం మంచిది.

రాష్ట్రంలో 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం సేవ అందుతుంది. ఆ నంబరుకు చేయండి, కానీ వాహనం వస్తుందని ఇంటి దగ్గర కూర్చోకండి. మీరు వెళ్తున్న దారిలో అది ఎదురొచ్చేలా మాట్లాడుకోండి. కడప జిల్లా వైపు ఉన్నవారు ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉందన్న సంగతి గుర్తుంచుకోవాలి.

ఆటోలో గానీ కారులో గానీ కుక్కను పక్కకు పడుకోబెట్టి, మెడ చాపి, నాలుకను ఒక పక్కకు తీసి ఉంచండి. వాంతి గానీ చొంగ గానీ వస్తే అది బయటికి జారిపోయేలా మూతిని కొంచెం కిందికి వంచండి. మోటారు సైకిలే ఉంటే వెనుక కూర్చున్నవారు దుప్పటితో సహా ఒడిలో పెట్టుకొని, తల బయటికి కనిపించేలా పట్టుకోవాలి. ప్రతి ఐదు నిమిషాలకు ఒకసారి పై పెదవి ఎత్తి చిగురు రంగు చూడండి. ఆరోగ్యంగా ఉన్న కుక్క చిగురు గులాబీ రంగులో ఉంటుంది, వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపే రంగు తిరిగి వస్తుంది. తెల్లగా పాలిపోయినా, నీలంగా మారినా డాక్టరుకు ఫోనులో చెప్పండి.

ఊపిరి ఆగిపోతే

నాగుపాము, కట్లపాము కాటులో ఊపిరి ఆగడం అంటే ప్రాణం పోయినట్టు కాదు. విషం ఊపిరి తీసే కండరాలను చచ్చుబరుస్తుంది, కానీ గుండె కొంతసేపు కొట్టుకుంటూనే ఉంటుంది. ఆ సమయంలో బయటి నుంచి ఊపిరి అందించగలిగితే, మందు పనిచేసిన తరువాత కుక్క పూర్తిగా కోలుకునే అవకాశం ఉంది. టీకాలు సక్రమంగా వేయించిన మీ సొంత కుక్కకు మాత్రమే ఈ పని చేయండి.

పది సెకన్లు ఛాతీని చూడండి. కదలిక లేకపోతే ఎడమ మోచేయి వెనుక, ఛాతీ మీద వేళ్లు పెట్టి గుండె చప్పుడు ఉందో లేదో చూడండి. నోట్లో ఉన్న చొంగను గుడ్డతో తుడిచి, నాలుకను ముందుకు లాగి, నోరు మూసి రెండు చేతులతో పట్టుకోండి. మీ నోటితో దాని ముక్కురంధ్రాలను పూర్తిగా మూసి, ఛాతీ పైకి లేచేంత మాత్రమే ఊదండి. ఆరు సెకన్లకు ఒక్క ఊపిరి చొప్పున ఆసుపత్రి వచ్చేవరకు ఆపకుండా చేయండి. గుండె కూడా ఆగితే, పక్కకు పడుకోబెట్టిన కుక్క ఛాతీ వెడల్పుగా ఉన్నచోట అరచేయి మీద అరచేయి పెట్టి, ఛాతీ మందంలో మూడో వంతు దాకా దిగేలా నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో నొక్కండి. 30 సార్లు నొక్కిన తరువాత రెండు ఊపిరులు ఊదండి. చిన్న కుక్కకు ఛాతీని ఒక్క చేతితోనే రెండు వైపులా పట్టి నొక్కవచ్చు.

పశువైద్యశాలలో

డాక్టరుకు కాటు సమయం, పాము పోలిక, దారిలో కనిపించిన లక్షణాలు, ఎవరైనా ఏదైనా తాగించి ఉంటే అది కూడా దాచకుండా చెప్పండి. ఇంటి వైద్యం చేశామంటే తిడతారేమోనన్న భయంతో కొందరు ఈ మాట చెప్పరు, దానివల్ల నష్టపోయేది కుక్కే.

రక్తం గడ్డకడుతుందో లేదో చూడటానికి డాక్టరు కొద్దిగా రక్తం శుభ్రమైన గాజు గొట్టంలో తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచవచ్చు. అప్పటికీ గడ్డకట్టకపోతే అది పింజర విషమని అర్థం. యాంటీవెనమ్ పొడి రూపంలో ఉన్న సీసాలుగా వస్తుంది, దానిని నీటిలో కలిపి సెలైన్‌తో నెమ్మదిగా ఎక్కిస్తారు. కుక్క చిన్నది కనుక సగం సీసా చాలునని అడగకండి. పాము దించిన విషం కుక్క బరువును బట్టి తగ్గదు, మందు ఆ విషాన్ని బట్టే ఉండాలి. ఇది గుర్రాల రక్తం నుంచి తయారయ్యే మందు కనుక కొన్ని కుక్కలకు ఎక్కిస్తుండగానే దద్దుర్లు, వాంతులు, ఆయాసం వస్తాయి. అటువంటిది కనిపించిన వెంటనే పిలవండి, దానికి వేరే సూది ఉంటుంది. నాగుపాము కాటైతే నరాల బలం తిరిగి రావడానికి నియోస్టిగ్మిన్, అట్రోపిన్ సూదులు కూడా వేయవచ్చు.

ఇంటికి పంపినా మొదటి రెండు రోజులు కుక్కను కట్టేసి, నీడలో, మీ కంటి ముందు ఉంచండి. ఎన్నిసార్లు మూత్రం పోసింది, ఏ రంగులో పోసింది అన్నది రాసుకోండి. మూత్రం తగ్గినా, ఎర్రగా గానీ కాఫీ రంగులో గానీ వచ్చినా, మళ్లీ కనురెప్పలు వాలినా, వాపు పెరిగినా ఉదయం దాకా ఆగకుండా తీసుకువెళ్లండి. కాటు పడిన చోట చర్మం నల్లబడి కొన్ని రోజుల తరువాత ఊడిపోవచ్చు. దానిని నాకకుండా మెడకు అట్టతో గొట్టం కట్టి, డాక్టరు చెప్పిన విధంగా కట్టు మార్పించండి. వారం పది రోజుల తరువాత జ్వరం, కీళ్ల నొప్పులు, దద్దుర్లు కనిపిస్తే అవి మందు వల్ల ఆలస్యంగా వచ్చే లక్షణాలు కావచ్చు కనుక మరోసారి చూపించండి.

తొలకరికి ముందే మీ మండల పశువైద్యశాల నంబరు, దగ్గరి పట్టణంలో రాత్రిపూట తలుపు తీసే డాక్టరు నంబరు, యాంటీవెనమ్ ఉంచే మెడికల్ షాపు నంబరు, పిలిచిన వెంటనే వచ్చే ఒక ఆటో నంబరు ఫోనులో వేసుకొని, అవే నంబర్లను ఫోను లేని పెద్దవారి కోసం తలుపు వెనుక సుద్దతో రాసి ఉంచండి. వామిని ఇంటి గోడకు ఆనించి వేయకుండా కొంచెం ఎడం వదలండి, రాత్రి కుక్కను కట్టేసే చోట రాళ్లకుప్పలు, కంప లేకుండా చూసుకోండి, చీకటి పడిన తరువాత చేనికి వెళ్లవలసి వస్తే బ్యాటరీ లైటు మీ చేతిలోనూ, కుక్క మెడతాడు మీ చేతిలోనూ ఉండాలి.